ఆఖరి ముంత చల్ల

మా అత్తమ్మ నెయ్యి అమ్ముతుంది కానీ చల్ల అమ్మదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆమె సగం తెలిసినట్టే. మజ్జిగను మా నల్లగొండ వైపు చల్ల అంటారు, నోట్లో పడ్డాక అది సల్ల అవుతుంది. చల్ల అమ్మితే పాడి నిలవదని మా పల్లెల్లో నమ్మకం. హైదరాబాదు వచ్చి సగం జీవితం గడిచింది, మా ఇంట్లో బర్రె కాదు కదా పిల్లి కూడా లేదు, అయినా ఆమె ఆ మాట వదల్లేదు. "నిలవడానికి మనకు పాడేడున్నది అత్తమ్మా?" అని నేను ఎగతాళి చేస్తే, "పొద్దుగాల పాలు ఒస్తున్నయి గద, గదే పాడి" అంటుంది.

ఆ పాలు తెచ్చేది మా ఆయన. స్కూలు వ్యాను నడుపుతాడు. పొద్దున పిల్లల ట్రిప్పు మొదలుకాకముందే నాదర్‌గుల్ పోయి, అక్కడ బర్రెలు పెట్టుకున్న మా దూరపు చుట్టం దగ్గర స్టీలు డబ్బా నిండా పాలు పోయించుకొస్తాడు. విమానం నడపడం నేర్చుకునేవాళ్లు ఆ కొట్టం మీదుగానే చిన్న విమానాలు తిప్పుతుంటారు. మేమెప్పుడైనా పోతే నోరు తెరుచుకుని పైకి చూస్తాం, బర్రెలు మాత్రం తల కూడా ఎత్తవు. ఆ పాలు అత్తమ్మ కాచి, తోడుపెట్టి, తెల్లారి కవ్వంతో చిలుకుతుంది. మిక్సీలో వేస్తే చిటికెలో అయిపోతుందని నేను చెప్పని రోజు లేదు, ఆమె విన్న రోజూ లేదు. వెన్న కాచి తెలిసినవాళ్లకు నెయ్యి అమ్ముకుంటుంది. చల్ల మాత్రం గల్లీది.

మా గల్లీ దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ నడుమ, కర్మన్‌ఘాట్ పోయే దారిలో ఉంది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. నా మిషను ముందు గదిలో కిటికీ పక్కన. ఆ కిటికీ కిందున్న అరుగు మీదే అత్తమ్మ చల్లకుండ పెట్టుకుని కూర్చుంటుంది. అందుకని ఎవరు ఎప్పుడొచ్చారో, ఏ గిన్నె తెచ్చారో నేను సూది మీంచి కన్ను ఎత్తకుండానే చెప్పగలను. అందరికంటే ముందు మా ఇంటికి సరిపడా తీసి లోపల పెట్టేది. తర్వాత పెందలాడే వచ్చినవాళ్లకు చిక్కగా, పుల్లగా, వెన్న తునకలు తేలుతూ దొరికేది. పొద్దెక్కుతుంటే కుండ అడుగుకు పోయేది. అప్పుడు పక్కనున్న ఇత్తడి బిందెలోంచి నీళ్లు ముంచి కుండలో పోసి, ఇంత ఉప్పు వేసి, కవ్వం గిరగిర తిప్పి ఆఖరివాళ్లకు పోసేది.

"అత్తమ్మా, గది సల్లనా, సల్లకుండ కడిగిన నీళ్లా?"

"నీకేం తెల్వది పిల్లా. ముంత పట్టుకొని ఒచ్చిన మనిషికి లేదని ఎట్ల చెప్తం? లేదు లేదంటే లేకుంటనే పోతది."

నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. అత్తమ్మకు రెండూ ఎక్కువే. కాబట్టి చాలాసార్లు నేనే ఓడిపోతాను.

ఆ ఆఖరివాళ్లలోకెల్లా ఆఖరు ఎదురింటి పిన్నిగారు. గుంటూరు వైపు మనిషి. వాళ్లాయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పుస్తకాల కొట్టులో లెక్కలు రాస్తాడు. కూతురు వనస్థలిపురంలో కాపురం. పిన్నిగారి పూజ మొదలైతే గల్లీలో కూరగాయల బండి వచ్చి పోయేదాకా గంట మోగుతూనే ఉంటుంది. అంతా అయ్యాక గేటు తీసుకుని వచ్చి, కొంగు చాటున ముంత పెట్టుకుని, ఎండల గురించి మాట్లాడేది, టమాటాల ధర గురించి మాట్లాడేది, నిన్న కూతురు ఫోన్లో ఏమందో చెప్పేది. చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్న సామెత ఈమెను చూసే పుట్టి ఉంటుందని నేను లోపల నవ్వుకునేదాన్ని. చివరకు మెల్లగా, "అక్కగారూ, ఏమన్నా మిగిలిందా?" అనేది. "నీకు లేకుంటదా చెల్లె" అని అత్తమ్మ బిందె వైపు చేయి చాచేది. పిన్నిగారికి కడుపులో మంట. పొద్దున లేవగానే పరగడుపున గ్యాస్ గోలీ వేసుకుంటుంది, పలచని మజ్జిగ అయితేనే తనకు పడుతుందని సర్దిచెప్పుకునేది.

ఇప్పుడు ఆ బిందెలోని నీళ్ల సంగతి చెప్పాలి.

మా గల్లీలో నల్లా నీళ్లు ఎవరూ తాగరు. గిన్నెలు కడగడానికి, అన్నం వండడానికి, బట్టలకు అవే. తాగడానికి మాత్రం అందరిళ్లలో ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్లు. మలుపు మీద ప్లాంటు పెట్టుకున్న అబ్బాయి ట్రాలీ ఆటోలో తెచ్చి గుమ్మంలో దించిపోతాడు. నేనూ మా ఆయనా అవే తాగుతాం. అత్తమ్మ ముట్టదు. అవి చచ్చిన నీళ్లంటుంది, వాటితో చేస్తే చల్ల కూడా చచ్చిపోతుందంటుంది. ఆమెకు నల్లా నీళ్లే కావాలి, ఎందుకంటే అవి కృష్ణ నీళ్లు.

ఇది మొండితనం అనుకుంటే పొరపాటే. ఆమె పుట్టిన ఊళ్లో, అత్తగారి ఊళ్లో బోరు నీళ్లే. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా మామయ్య మోకాళ్లు వంగిపోయాయి, నడుము గట్టిబడి పక్కకు తిరగాలంటే మనిషంతా తిరిగేవాడు. అత్తమ్మ పళ్ల మీద ఇప్పటికీ గోధుమరంగు చారలున్నాయి. కృష్ణ వాళ్ల జిల్లా అంచునే పారుతుంది. ఆ నీళ్లు పెద్ద పెద్ద పైపుల్లో వాళ్ల చేన్ల పక్క నుంచే నగరానికి పోయేవట. "పైపు మీద చెవి పెడితే సప్పుడు ఇనబడేది. మాకు సుక్క రాలే" అని చెబుతుంది. వాళ్లు ఎల్‌బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్న తొలిరోజు, ఇంటావిడ నల్లా తిప్పి ఇవి కృష్ణ నీళ్లు అని చెప్పిందట. మామయ్య ముంతెడు తాగి, ఇంకో ముంత తాగి, గోడకు ఆనుకుని ఏడ్చాడట. మామయ్య పోయి చాలా కాలమైంది. నల్లా వచ్చిన పొద్దల్లా అత్తమ్మ మాత్రం మొదటి నీళ్లు మొక్కలకు వదిలి, బిందె నింపి, నీళ్లకు చేయి తాకించి కళ్లకద్దుకుంటుంది. దేవుడి పటం ముందు కూడా ఆమె అంత భక్తిగా నిలబడగా నేను చూడలేదు.

అలాంటి మనిషికి ఆ నీళ్ల మీద అనుమానం ఎట్లా వస్తుంది?

ఎండలు ఇంకా తగ్గలేదు, ఒకటి రెండు వానలు మాత్రం పడ్డాయి. ఎవరో కేబులు వేయడానికని గల్లీ మొదట్లో తవ్వి, మన్ను కప్పి, చూడ్డానికి బాగానే ఉంచిపోయారు. ఆ కింద మంచినీళ్ల పైపూ డ్రైనేజీ పైపూ పక్కపక్కనే పోతున్నాయి. పైన నడిచేవాళ్లకు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? నల్లా నీళ్లు ఎప్పటిలాగే తెల్లగా, చల్లగా వచ్చాయి. మా అత్తమ్మ ఎప్పటిలాగే కళ్లకద్దుకుంది.

ముందు చివరింటి ముసలాయనకు మోషన్స్ పట్టుకున్నాయి. మామిడిపళ్లు తిని ఉంటాడన్నారు. తర్వాత ఇస్త్రీ బండి ఆమెకు. ఆమె తిన్న కోసిన పండ్ల మీదకు పోయింది నేరం. మరునాడు పొద్దున పూజ గంట వినపడలేదు. మిషను తొక్కుతూ ఏదో వెలితిగా ఉందనుకున్నాను కానీ అది గంట అని తట్టలేదు. పిన్నిగారి ఆయన గేటు దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఒకసారి రామ్మా" అని పిలిచినప్పుడు ఆయన గొంతు విని పరుగెత్తాను.

ఆమెను చూసి నాకు భయం వేసింది. రాత్రి నుంచి ఏడెనిమిదిసార్లకు తక్కువ కాకుండా పోయిందట. బియ్యం కడుగులాగా నీళ్లే పోతున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, చేతివేళ్లు నానిన బట్టలా ముడతలు పడ్డాయి. మాట కూడా సన్నగా వస్తోంది. మా ఆయన వ్యానులో పిల్లల్ని దించి వచ్చి, ఆమెను అందులోనే పడుకోబెట్టి సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. నేను వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో పోస్తూ కూర్చున్నాను. చైతన్యపురి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నా జీవితంలో మొదటిసారి మెట్రో పిల్లర్లను తిట్టాను.

అక్కడ సెలైన్లు ఎక్కించారు. మధ్యాహ్నానికి మనిషి కళ్లు తెరిచింది. పరీక్ష చేసి, ఇది కలరా అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఆ మాట వినగానే నా నోటికి చేయి అడ్డం పెట్టింది. మా వైపు దాన్ని గత్తర అంటారు. కోపమొస్తే తిట్టడానికి వాడతారు గానీ, నిజంగా వచ్చినప్పుడు ఇంట్లో ఆ పేరు ఎత్తరు. ఆమె ఆ రోజంతా దాన్ని "గా రోగం" అనే పిలిచింది. "చెల్లె మాట్లాడిందా? ఏమన్న తాగిందా?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

మర్నాడు నేను గంజి తీసుకుని వార్డుకు పోయేసరికి, మా బస్తీ దవాఖాన డాక్టరమ్మ అక్కడ ఉంది. చిన్న పిల్ల, మా జిల్లా యాసే. మా గల్లీ నుంచి వచ్చినవాళ్లందరి దగ్గరికీ పోయి ఒకే రకం ప్రశ్నలు అడుగుతోంది. తాగే నీళ్లేవి? వాటిని దేంట్లో పోసి పెడతారు, చేయి ముంచి తీస్తారా? పానీపూరీ తిన్నారా, కోసి అమ్మే పండ్లు తిన్నారా? ఇంట్లో ఎవరికైనా ముందే వస్తే వాళ్లను కడిగిందెవరు, ఆ చేతులతో వంట చేసిందెవరు? గ్యాస్ గోలీలు వాడతారా? ఈ ఆఖరి ప్రశ్నకు పక్క మంచంలో ఇస్త్రీ ఆమె ఆ నీరసంలోనూ నవ్వింది.

"నవ్వకు అక్కా, నిజమే అడుగుతున్న" అంది డాక్టరమ్మ. "కడుపుల పులుపుంటే గీ క్రిములు చాలా మటుకు ఆడనే సస్తయి. గోలీ ఏసుకొని ఆ పులుపు తీసేస్తే తలుపు తెరిచి పెట్టినట్టే."

పిన్నిగారి దగ్గరికి వచ్చింది. క్యాను నీళ్లేనమ్మా అంది పిన్నిగారు. గ్యాస్ గోలీ రోజూ వేసుకుంటానంది. బయట తిండి పేరెత్తితే ఛీ ఛీ అంది.

"వేరే ఎవరింట్లనన్న ఏమన్న తిన్నరా, తాగిన్రా?"

పిన్నిగారు నా వైపు చూసింది. ఆ చూపులో నాకేం అర్థం కావాలో అదంతా ఉంది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "ఎవరింట్లోనూ ఏమీ ముట్టలేదమ్మా" అని స్పష్టంగా చెప్పింది. ముసలాయన కూడా అదే చెప్పాడు. ఇస్త్రీ ఆమె కూడా అదే. ముగ్గురూ రోజూ మా అరుగు దగ్గరికి ముంత పట్టుకుని వచ్చేవాళ్లే.

డాక్టరమ్మ పోయాక నేను మంచం మీద కూర్చున్నాను. "పిన్నిగారూ, అట్లా ఎందుకు చెప్పారు?"

"ఏం చెప్పమంటావు? ఇన్నాళ్లూ ఊరికే పోసిన చెయ్యి. ఇవాళ నాకు జబ్బు చేసిందని నెపం ఆ చేతి మీద వేస్తానా?"

"అదే కారణమైతే?"

"అయితే నేనే తాగాను. ఆవిడొచ్చి నా నోట్లో పొయ్యలేదు కదా" అని కళ్లు మూసుకుంది.

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. ఇంటికి రాగానే అత్తమ్మతో, జబ్బు తగ్గేదాకా ఎవరికీ చల్ల వద్దు, నల్లా నీళ్లు వద్దు అని చెప్పేశాను. బిందెను తీసి లోపల పెట్టాను. ఆమె వాదించలేదు, అదే నాకు వింతగా అనిపించింది. కాసేపటికి నా మిషను దగ్గరికొచ్చి నిలబడింది.

"నా సల్లతోనా పిల్లా?"

"నాకు తెల్వదు అత్తమ్మా." నిజంగానే అప్పటికి నాకు తెలియదు. భయం మాత్రం ఉంది.

ఆ తర్వాత ఆమె అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది. అన్నం ముందు కూర్చుని అడిగింది, తులసికి నీళ్లు పోస్తూ అడిగింది. నెయ్యి కోసం వచ్చినవాళ్లకు నెయ్యి ఇచ్చి పంపేసి, ఆ తలుపు పట్టుకునే అడిగింది. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు. ఇన్నేళ్లు ఈ గల్లీలో ఆమె ఎవరంటే చల్ల పోసే మనిషి. ఆ చేతితోనే విషం పోసిందా లేదా అన్నది ఆమెకు తేలాలి.

ఈలోగా నేరం క్యాను నీళ్ల అబ్బాయి నెత్తిన పడింది. అందరూ క్యాను నీళ్లే తాగామని చెప్పారు కదా, ఇంకెవరి మీద పడుతుంది? కాలనీ వాట్సాప్ గ్రూపులో అతడి ప్లాంటు ఫోటో పెట్టి ఎవరో ఎర్ర గుర్తు గీశారు. ప్లాంటు నీళ్లు పరీక్షకు తీసుకుపోయారు. అతడి ట్రాలీ ఆటో నిండు క్యాన్లతో వచ్చి నిండు క్యాన్లతోనే వెనక్కి పోతోంది. అతడూ మా జిల్లావాడే, అత్తమ్మను పెద్దమ్మా అంటాడు. తెల్లారగట్ల క్యాన్లు దించే వేళకు రోజూ మొదటి ముంత అతడిదే. ఆ రోజు వచ్చి అరుగు మీద ఊరికే కూర్చున్నాడు.

"ప్లాంటుకు తాళం ఏపిస్తమంటున్నరు పెద్దమ్మా. కిస్తీలు కట్టాలె, ఎట్ల కడతనో."

"నీ నీళ్లల్ల ఏమన్న ఉన్నదా కొడుకా?"

"నాకైతే తెల్వదు. నా బిడ్డ కూడ గవే తాగుతది."

అతడు పోయాక అత్తమ్మ చాలాసేపు అరుగు మీదే ఉంది. పొద్దు వాలుతుంటే కిటికీలోంచి నన్ను పిలిచింది. ఎవరెవరికి వచ్చిందో చెప్పమంది. నేను వేలు చూపిస్తూ ఇల్లిల్లూ చెప్పాను. చివరింటి ముసలాయన, ఇస్త్రీ ఆమె, నిన్ననే పడకేసిన, మేడ మీద కిరాయికుండే నర్సు పిల్ల, ఎదురింటి పిన్నిగారు. ఇక రానివాళ్లెవరో చెప్పమంది. క్యాను అబ్బాయి, పక్కింటివాళ్లు, కిరాణా కొట్టాయన. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. రానివాళ్లంతా పెందలాడే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లంతా ఎండెక్కాక వచ్చేవాళ్లు. నర్సు పిల్ల కూడా రాత్రి డ్యూటీ దిగి పొద్దెక్కి వచ్చి ఒక గ్లాసు తాగి పడుకునేది.

"అందరు ఎనకొచ్చినోళ్లే" అంది అత్తమ్మ.

డాక్టరమ్మకు కూడా లెక్క కుదరలేదట. జబ్బు రానివాళ్లు కూడా అదే క్యాను నీళ్లు తాగుతున్నారు కదా, తేడా ఎక్కడుందని మళ్లీ గల్లీకి వచ్చింది. ఈసారి బాగున్నవాళ్లను అడగడం మొదలుపెట్టింది. బాగున్నవాళ్లకు కోపమొచ్చింది. మాకేం కాలేదు, మా ఇంటికెందుకొచ్చావమ్మా, నోటి వాక్కు తగులుతుంది అని ఒకావిడ తలుపేసుకుంది. డాక్టరమ్మ గల్లీ నడుమ నిలబడి చెమట తుడుచుకుంటోంది. నలుగురు చుట్టూ చేరారు. అత్తమ్మ అరుగు దిగి, అందరూ వినేటట్టే పిలిచింది.

"డాక్టరమ్మా, జర ఇటు రా. గీళ్లంత నీకు అబద్ధం చెప్పిన్రు. నా మీద ప్రేమతోటి, పావురంతోటి చెప్పిన్రు. నేను రోజు సల్ల పోస్త. ఎనకొచ్చినోళ్లకు ఒడిసిపోతే నల్లా నీళ్లు కలిపి పోసిన. రోగమొచ్చింది గాళ్లకే. ఆ పిలగాని ప్లాంటు జోలికి పోకున్రి."

కిరాణా కొట్టాయన, "ఏందమ్మా నువ్వు, ఎవరన్న అన్నరా నిన్ను?" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. డాక్టరమ్మ లోపలికొచ్చి, బిందెలో మిగిలిన నీళ్లు సీసాలో పట్టుకుంది. నల్లా నుంచి కూడా పట్టుకుంది. తర్వాత అత్తమ్మ పక్కనే నేల మీద కూర్చుంది.

"గిప్పుడు చెప్పు బిడ్డా. నా చేతితోనేనా?"

"సల్లతోని కాదమ్మమ్మా. పుల్లటి సల్లల ఆ క్రిమి బతుకుడు కష్టం. అందుకే ముందొచ్చినోళ్లు మంచిగున్నరు. పులుపు పల్చనయ్యేతట్టు నీళ్లు కలిపినప్పుడు నీళ్లల్ల ఉన్నది లోపలికి పోయింది. నీళ్లు ఖరాబున్నట్టు నీకెట్ల తెలుస్తది?"

"నీళ్లు కలిపింది నేనే గద."

డాక్టరమ్మ సీసా మూత బిగించింది. "అవునమ్మమ్మా" అంది.

ఆ పిల్ల మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. కాదు కాదు అని చెప్పి ఉంటే అత్తమ్మ జన్మంతా అడుగుతూనే ఉండేది.

"మరి నేను దినాం గవే నీళ్లు తాగిన. నాకెందుకు రాలే?"

"కొందరికి లోపలికి పోయినా తెల్వకుంటనే పోతదమ్మమ్మా. నీ కడుపు గట్టిది."

"నా చేతి నీళ్లు తాగినోళ్లు పడ్డరు, నేను గుండులెక్క కూసున్న. గిదేం న్యాయం?" అని అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య పోయినప్పుడు కూడా ఆమె అట్లా కుమిలిపోవడం నేను చూడలేదు. డాక్టరమ్మ ఆమె మోకాలి మీద చేయి వేసి కూర్చుంది.

పరీక్షలో నల్లా నీళ్లే తప్పని తేలింది. మళ్లీ తవ్వారు, పగిలిన పైపు మార్చారు, నీళ్లలో మందు కలిపారు, ఇంటింటికీ క్లోరిన్ బిళ్లలు పంచారు. క్యాను అబ్బాయి ప్లాంటు బాగానే ఉందని చెప్పారు. వాట్సాప్ గ్రూపులో ఎర్ర గుర్తు గీసినవాళ్లు మాత్రం మళ్లీ కిక్కురుమనలేదు. పడినవాళ్లంతా కోలుకుని ఇళ్లకొచ్చారు. ఎవరి ప్రాణమూ పోలేదు, అది మా అదృష్టం.

అత్తమ్మ మాత్రం చల్ల చెయ్యడం మానేసింది. వచ్చిన పాలు తోడుపెట్టి, పెరుగు పెరుగే కిరాణా కొట్టుకు పంపించేసింది. కవ్వం గోడకు వేలాడుతోంది. పిన్నిగారు ఇంటికొచ్చినా అత్తమ్మ ఆ గడప తొక్కలేదు. గంజి చేసి నాచేత పంపేది, తాను కిటికీ పక్కన నిలబడి అటు చూసేది. పోయి ఒకసారి పలకరించవచ్చు కదా అంటే, "ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అంది. ఎదురెదురు ఇళ్లు, నడుమ రెండు స్కూటర్లు పోయేంత సందు. ఆ సందు దాటలేకపోయింది.

ఒక పొద్దున లేచి చూసేసరికి పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు కళపెళా మసులుతున్నాయి. అత్తమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"కృష్ణమ్మను పొయ్యి మీద పెట్టాల్సి ఒచ్చింది" అంది. తిట్టినట్టుగా కాదు, ఎవరికో క్షమాపణ చెప్పినట్టుగా. నీళ్లు చల్లారాక, తోమి ఎండబెట్టిన బిందెలో పోసి మూత పెట్టింది. ముంచడానికి పొడుగు కాడ గరిటె ఒకటి కొత్తది తీసింది. గోడ మీది కవ్వం దించింది.

అరుగు మీద కుండ చూడగానే ముందు క్యాను అబ్బాయి వచ్చాడు. వచ్చి, నిలబడే తాగి, ఇంకొంచెం అడిగాడు. పక్కింటివాళ్లు వచ్చారు. కిరాణా కొట్టాయన గిన్నె పంపించాడు. ముసలాయన కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. నేను మిషను తొక్కుతున్నట్టే ఉన్నాను గానీ దారం ఎప్పుడో తెగిపోయింది. ఈసారి అత్తమ్మ మా ఇంటికి ముందుగా తీసిపెట్టలేదు. చిక్కటిది ఒక్క ముంతెడు తీసి, పళ్లెం మూత పెట్టి పక్కన పెట్టుకుంది. అది ఎవరికోసమో నేను అడగలేదు.

ఎదురింట్లో పూజ గంట మోగింది. మోగుతూనే ఉంది. ఎండెక్కాక గేటు చప్పుడైంది. పిన్నిగారు సగం అయిపోయింది, చీర వదులుగా జారుతోంది. అయినా ఈసారి ముంత కొంగు చాటున లేదు, చేతిలోనే పట్టుకుని తిన్నగా వచ్చింది. టమాటాల ధర కూడా ఎత్తలేదు.

"మిగిలిందా అక్కగారూ?"

అత్తమ్మ తలెత్తలేదు. పళ్లెం తీసి, ఆ చిక్కటి ముంత ముందుకు జరిపింది. పిన్నిగారు వంగి చూసింది.

"ఇదేమిటి? ఇది ముందొచ్చినవాళ్లది. నాది నాకివ్వండి."

"నీదేంది చెల్లె?"

"ఆఖరిది. నీళ్లు కలిపింది."

"ఒద్దు చెల్లె, నీకు దండం పెడత. ఇది తాగు."

పిన్నిగారు అరుగు మీద కూర్చుని, తన ఖాళీ ముంత బిందె పక్కన పెట్టింది. "నాకు చిక్కటిది పడదని మీకు తెలుసు. ఇన్నేళ్లూ ఏది పోశారో అదే పొయ్యండి."

అత్తమ్మ ఆ చిక్కటి ముంత మీద మళ్లీ పళ్లెం మూత పెట్టింది. తర్వాత బిందె మూత తీసింది. గరిటె ముంచి కుండలో నీళ్లు పోస్తుంటే సగం అరుగు మీద ఒలికాయి. కవ్వం తిప్పి ముంత నింపింది. పిన్నిగారు ఎప్పుడూ ముంత ఇంటికి పట్టుకుపోయేది. ఆ రోజు అక్కడే, అత్తమ్మ చూస్తుండగానే ఎత్తి, ఆగకుండా చివరి చుక్కదాకా తాగింది. మూతి తుడుచుకుని ముంత కింద పెట్టింది.

"ఉప్పు తక్కువైంది అక్కగారూ."

అత్తమ్మ కళ్లు తుడుచుకోవడానికి కూడా కొంగు వెతుక్కోలేదు, అట్లాగే కిటికీ వైపు తిరిగింది. "ఓ పిల్లా, ఇంట్లకెళ్లి ఉప్పు తే. చెల్లెకు సప్పగయిందంట" అంది.

నేను లోపలికి పోయాను. ఉప్పు డబ్బా ఎదురుగానే ఉంది. అయినా దాన్ని పట్టుకుని కాసేపు వంటింట్లోనే నిలబడ్డాను.